ఏడుపు ఎంత వేగమో ఊయల అంత వేగం

తెల్లవారుజామున ఆకాశవాణి గొంతు విప్పే ముందు వచ్చే ఆ చిన్న బాణీ, ఒక వయసు దాటిన తెలుగువాళ్ల చెవుల్లో ఇప్పటికీ ఉంటుంది. తంబురా శ్రుతి, దాని మీద వయొలిన్. అది వినపడితే కొందరికి కట్టెల పొయ్యి పొగ గుర్తొస్తుంది, కొందరికి చన్నీళ్ల స్నానం, కొందరికి ఆ వెనకే విజయవాడ కేంద్రం నుంచి మొదలయ్యే భక్తిరంజని. ఆ బాణీ కట్టింది వాల్టర్ కౌఫ్‌మన్. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న కార్ల్స్‌బాద్ ఊళ్లో 1907లో పుట్టిన యూదుడు. నాజీల బెడద తప్పించుకుని 1934లో బొంబాయి చేరాడు, అక్కడి ఆకాశవాణిలో పాశ్చాత్య సంగీత విభాగం చూశాడు. (తర్వాత అమెరికాలో స్థిరపడి దక్షిణ భారత రాగాల మీద ఏకంగా ఒక పెద్ద గ్రంథమే రాశాడు. కొందరు ఉద్యోగం చేసి ఊరుకోరు.) ఆ బాణీకి ఆధారం శివరంజని రాగం.

శివరంజని అనగానే సినిమా సంగీతం తెలిసినవాళ్లకి ముందుగా కన్నీళ్లు గుర్తొస్తాయి. 'మేరా నామ్ జోకర్' (1970)లో రాజ్ కపూర్ పోయిన రోజుల్ని తలుచుకుంటుంటే ముకేశ్ గొంతులో వినపడే పాట ఆ రాగమే. స్వరకర్తలు శంకర్–జైకిషన్. అదే జంట, అదే రాగంలో, అంతకు నాలుగేళ్ల ముందు 'సూరజ్' కోసం రఫీ చేత ఒక పాట పాడించారు. ఉత్తరాది పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండువాళ్లు ఈనాటికీ ఆ పాటను వదల్లేదు. ఒక పాటకి పెళ్లికొడుకు గుర్రం మీద కూర్చుని ముసిముసిగా నవ్వుకుంటాడు, ఇంకో పాటకి థియేటర్లో జనం ముక్కు చీదుకుంటారు. రేడియో బాణీకి ఈ రెండూ పట్టవు, అది తెల్లవారిందని మాత్రం చెప్పి ఊరుకుంటుంది.

ఫలానా రాగం వింటే దిగులు పోతుంది, ఫలానాది వింటే కోపం తగ్గుతుంది అని వాట్సాప్‌లో తిరిగే పట్టికలు నమ్మేముందు ఈ మూడు బాణీలూ ఒకసారి పక్కపక్కన పెట్టుకుని వినడం మంచిది. స్వరాలు అవే. మారినవి వేగం, గొంతు, మాటలు, వాయిద్యాలు, అన్నిటికన్నా ముఖ్యంగా వినేవాడి దగ్గర ముందే ఉన్న జ్ఞాపకాలు. పాటతో మనసును బాగుచేసుకోవాలనుకునే మనిషి మొదట తేల్చుకోవాల్సింది ఇదే: పాటలో ఉన్నదెంత, తనలో ఉన్నదెంత?

పాటలో ఉన్నదాని సంగతి ముందు. శరీరానికి రాగం కన్నా ముందు అందేది వేగం. ఇటలీలోని పావియాలో లూచియానో బెర్నార్డి బృందం 24 మందికి ఆరు రకాల సంగీతం వినిపించి, ఊపిరి, గుండె వేగం, రక్తపోటు కొలిచి 2006లో ఫలితాలు ప్రచురించింది. విన్నవాళ్లలో సగం మంది సంగీతం నేర్చినవాళ్లు, సగం మంది కాదు. వినిపించినవాటిలో బీథోవెన్ ఉంది, వివాల్డి ఉంది, ర్యాప్, టెక్నో ఉన్నాయి, నెమ్మదిగా సాగే ఒక భారతీయ రాగం కూడా ఉంది. వేగం పెరిగేకొద్దీ ఊపిరీ గుండే దాని వెంట పరిగెత్తాయి. సంగీతం ఏ తరహాది అన్నదానికన్నా ఎంత వేగంగా నడుస్తోంది అన్నదే ఎక్కువ లెక్కకొచ్చింది. పరిశోధకులు అనుకోనిది మరొకటి బయటపడింది. పాటల మధ్య రెండు నిమిషాల ఖాళీ పెట్టారు. ఆ నిశ్శబ్దంలో గుండె, రక్తపోటు సంగీతం మొదలు కాకముందు కన్నా కిందికి దిగాయి. అసలు విశ్రాంతి పాటలో కన్నా పాట ఆగిన తర్వాత ఎక్కువ దొరికింది. ఇది చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఇక వినేవాడిలో ఉన్నది. కెనడాలో మాంట్రియల్ నగరంలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో వలరీ సలింపూర్, రాబర్ట్ జటోరే బృందం 2011లో ఒక పేరున్న ప్రయోగం చేసింది. పాట వింటే ఒళ్లు జలదరిస్తుందని చెప్పేవాళ్లను వెతికి, ఎనిమిది మందిని ఎంచుకున్నారు. ఎవరి పాట వాళ్లే తెచ్చుకోవాలి. ఒళ్లు జలదరించే ఘడియలో మెదడులో డోపమీన్ విడుదలవుతోందని స్కానింగులో కనపడింది. మంచి భోజనం చేసినప్పుడు ఊరే రసాయనమే అది. దాని తర్వాతది ఇంకా ముచ్చటైన సంగతి: ఆ ఘడియకి కొద్ది సెకన్ల ముందు, 'ఇదిగో వస్తోంది' అని మనసు ఎదురుచూసే సమయంలో కూడా డోపమీన్ విడుదలైంది, మెదడులో వేరే చోట. కచేరీకి వెళ్లేవాళ్లకి ఇది కొత్త కాదు. ఆలాపనలో విద్వాంసుడు పై షడ్జం దాకా వచ్చి, తాకినట్టే తాకి వెనక్కి దిగి, మళ్లీ ఎక్కి ఊరిస్తాడు. చివరికి అందుకుని నిలిచినప్పుడు ముందు వరసలోంచి 'భళా' వినపడుతుంది. ఆ భళా ఆ ఒక్క స్వరానికే దక్కిందనుకుంటే పొరపాటు, అంతసేపు ఊరించినందుకు కూడా.

ఆ ప్రయోగంలో పోల్చి చూడటానికి మామూలు సంగీతం కూడా కావాలి కదా. దానికి వాళ్లు చేసిన ఏర్పాటు భలే తెలివైనది: ఒకరిని పులకింపజేసిన పాటనే మరొకరికి 'మామూలు పాట'గా వినిపించారు. ఒకరి వెంట్రుకలు నిక్కబొడిపించిన పాట పక్కవాడి చెవిలో ఫ్యాను శబ్దంలా వెళ్లిపోయింది. స్నేహితుడు 'ఇది విను, ఏడ్చేస్తావ్' అని పంపిన పాట విని ఏమీ అనిపించక మొహమాటంతో హృదయం గుర్తు పెట్టినవాళ్లకి ఈ సంగతి కొంత ఊరట.

ఈ తేడా మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి మోజార్ట్ కథ ఉంది. 1993లో 'నేచర్' పత్రికలో ఒక చిన్న నివేదిక వచ్చింది. కాలేజీ విద్యార్థులు 36 మంది, పది నిమిషాల పాటు మోజార్ట్ రెండు పియానోల సొనాటా విన్న తర్వాత, కాగితాన్ని మడిచి కత్తిరిస్తే ఎలా ఉంటుందో ఊహించే తరహా పరీక్షలో మెరుగ్గా చేశారు. ఆ మెరుగు పావుగంటకి మించి నిలవలేదు. నివేదికలో పసిపిల్లల ఊసే లేదు. అయినా 1998 నాటికి అమెరికాలో జార్జియా రాష్ట్ర గవర్నర్ జెల్ మిల్లర్, పుట్టిన ప్రతి బిడ్డకీ శాస్త్రీయ సంగీతం సీడీ ఇవ్వడానికి 1,05,000 డాలర్లు అడిగాడు. ఆ తర్వాత కెనడాలో గ్లెన్ షెలెన్‌బర్గ్, సహచరులు నింపాదిగా పరీక్షించి చూస్తే, మోజార్ట్ బదులు స్టీఫెన్ కింగ్ కథ వినిపించినా, ఆ కథ నచ్చినవాళ్లకి అంతే మేలు జరిగింది. హుషారుగా ఉన్న మనిషి పరీక్ష కాస్త బాగా రాస్తాడు. హుషారు ఎక్కడ నుంచి వచ్చిందన్నది మెదడుకి పట్టదు.

మన దగ్గర సీడీల బదులు యూట్యూబ్‌లో రాగచికిత్స వీడియోలున్నాయి. బిలహరిలో త్యాగరాజు పాడితే చనిపోయినవాడు లేచి కూర్చున్నాడన్న కథా, శిష్యుడి కడుపునొప్పి పోవాలని ముత్తుస్వామి దీక్షితులు అఠాణా రాగంలో బృహస్పతి మీద కృతి చేశాడన్న కథా భక్తితో చెప్పుకోదగినవే. వాటిని చూపించి షుగరు మాత్ర మానేయమనడం మాత్రం వేరే పని. పాట చేసే మేలుకి గట్టి ఆధారం ఉన్న చోటు ఆసుపత్రి మంచమే, అయితే మందుకి తోడుగా. 2015లో 'లాన్సెట్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దాదాపు 7,000 మంది శస్త్రచికిత్స రోగుల మీద జరిగిన 73 ప్రయోగాలను కలిపి చూసింది. ఆపరేషన్‌కి ముందో, మధ్యలోనో, తర్వాతో సంగీతం విన్నవాళ్లకి నొప్పీ ఆందోళనా తగ్గాయి, నొప్పి మందులు తక్కువ పట్టాయి. ఇంటికి పంపే రోజు మాత్రం ముందుకు జరగలేదు. అంత ఉంది, అంతే ఉంది.

సరే, అలసిపోయో విసిగిపోయో ఉన్న మనిషి ఏ పాట పెట్టుకోవాలి?

గచ్చిబౌలి ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుని ఇంటికి చేరిన ఉద్యోగిని తీసుకుందాం. దవడలు బిగుసుకుని ఉన్నాయి. ఇంట్లోవాళ్లు పాపం మంచి ఉద్దేశంతో వేణువు పెడతారు. అతనికి చిరాకు రెట్టింపవుతుంది. వేణువు తప్పేమీ లేదు, అతని గుండె ఇంకా ఫ్లైఓవర్ మీదే ఉంది. కోపంతో ఉన్నవాడికి 'కొంచెం శాంతించరా' అని చెబితే ఏమవుతుందో, ఆ వేణువు వల్లా అదే అయింది.

ఈ చిక్కుకి 1940లలో ఐరా ఆల్ట్‌షులర్ అనే మానసిక వైద్యుడు ఒక దారి చెప్పాడు. అమెరికాలో డెట్రాయిట్ దగ్గర ఎలోయిస్ ఆసుపత్రిలో పనిచేసేవాడు. రోగి దిగులుగా ఉంటే దిగులుగా ఉన్న సంగీతంతో, రెచ్చిపోయి ఉంటే రెచ్చిపోయే సంగీతంతో మొదలుపెట్టి, అతని మనసు పాటతో కలిశాక, మెల్లగా పాటను మార్చుకుంటూ కావలసిన చోటికి తీసుకెళ్లేవాడు. దానికి ఐసో సూత్రం అని పేరు పెట్టాడు. గ్రీకులో ఐసో అంటే సమానం. సంగీత చికిత్సకులు ఇప్పటికీ పాఠంగా చెప్పుకునేది ఇదే.

పేరు గ్రీకుదే కానీ పని అమ్మమ్మలది. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డను ఉయ్యాల్లో వేసి, అనుభవం ఉన్న ఆవిడ మొదట జోల పాడదు. ఏడుపు ఎంత వేగంగా ఉందో ఉయ్యాల అంత వేగంగా ఊపుతుంది, 'ళొళొళొ' అంటూ గొంతు కూడా ఏడుపు స్థాయికి ఎత్తుతుంది. బిడ్డ ఒక్క క్షణం ఉలిక్కిపడి ఆగుతుంది. ఆ సందు దొరకగానే ఆవిడ ఊపు తగ్గిస్తుంది, గొంతు తగ్గిస్తుంది, అప్పుడు వస్తుంది నీలాంబరో నవరోజో. కొత్తగా తల్లయిన అమ్మాయి తిన్నగా జోలతో మొదలుపెడుతుంది, బిడ్డ ఇంకా గట్టిగా ఏడుస్తుంది, అమ్మమ్మ వచ్చి 'ఇటివ్వు' అంటుంది. జోలపాటకున్న బలం మాత్రం నిజం. హార్వర్డ్ పరిశోధకులు 2021లో ప్రచురించిన ప్రయోగంలో, తమకు తెలియని భాషల్లో, తెలియని దేశాల జోలపాటలు విన్నా అమెరికా పసిపిల్లల గుండె వేగం తగ్గింది.

పెద్దవాళ్లకి ఉయ్యాల లేదు కాబట్టి నాలుగైదు పాటల వరస ఒకటి కట్టుకోవాలి. ఆ గచ్చిబౌలి మనిషికైతే మొదటిది డప్పు దరువు గట్టిగా ఉన్న పాట, స్టీరింగ్ మీద వేళ్లు వాటంతటవే కొట్టేది. రెండోది దరువు ఉన్నా కాస్త నెమ్మదించినది. మూడోది మాటలు బాగా వినపడే మెలోడీ, కూనిరాగం తీయడానికి వీలైనది. కూనిరాగం తీస్తే ఊపిరి దానంతటదే పొడుగవుతుంది. నాలుగోది మాటల్లేనిది, ఇందాక తిట్టు తిన్న ఆ వేణువే. మొత్తం ఇరవై నిమిషాలు. పొద్దున్న లేవబుద్ధి కానివాళ్లు ఇదే వరసను తలకిందులు చేసుకోవచ్చు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం 1963లో రికార్డయినప్పటి నుంచి దక్షిణాది ఇళ్లల్లో చేస్తున్నది ఒక రకంగా అదే, నిద్రమత్తులో ఉన్నవాడి మీద పెద్ద శబ్దం గుమ్మరించకుండా మెల్లగా లేపడం.

వరస ఎప్పుడు తయారు చేసుకోవాలన్నది చిన్న విషయంలా కనపడుతుంది కానీ సగం మంది తప్పేది అక్కడే. మనసు బాగా ఉన్నప్పుడు, ఆదివారం మధ్యాహ్నం లాంటి వేళ కూర్చుని కట్టుకోవాలి. మనసు బాగాలేనప్పుడు పాట వెతకడానికి ఫోను తీసినవాడు పాట దాకా వెళ్లడు, మధ్యలో రీల్స్ ఉంటాయి. ఒక వారం పాటు ప్రతి పాటకూ రెండు మాటలు కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది: వినకముందు ఎలా ఉంది, విన్న పది నిమిషాలకి ఎలా ఉంది. ఇష్టమైన పాటలన్నీ మేలు చేసేవి కావని చాలామందికి ఆ కాగితమే మొదటిసారి చెబుతుంది.

ముఖ్యంగా విషాద గీతాల విషయంలో. దుఃఖంలో ఉన్నవాడు దుఃఖపు పాటే ఎందుకు వింటాడన్నది పాత ప్రశ్న. లీలా తరుఫీ, స్టెఫాన్ కోల్ష్ 2014లో 772 మందిని అడిగితే, విషాద సంగీతం వినేటప్పుడు తమలో ఎక్కువగా కలిగేది దుఃఖం కన్నా పాత జ్ఞాపకాల తీపి అని చెప్పారు. ఓదార్పు, ప్రశాంతత, ఎవరో తోడున్నట్టు అనిపించడం కూడా చెప్పారు. పల్లెల్లో చావింట ఆడవాళ్లు రాగం తీసి ఏడవడం చూసినవాళ్లకి ఈ తోడు అర్థమవుతుంది. పోయినవాడి గుణగణాలు చెబుతూ ఒకరు ఎత్తుకుంటే పక్కావిడ అందుకుంటుంది. అక్కడ ఏడుపుకి లయ ఉంది, తోడు ఉంది, ముగింపు కూడా ఉంది. నగరంలో గది తలుపేసుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ప్రేమ విఫలమైన ఒకే పాటను నలభైసార్లు తిప్పి వినే కుర్రవాడికి ఆ మూడింట్లో తోడూ లేదు, ముగింపూ లేదు.

జరిగినదాన్నే పదేపదే నెమరేసుకునే స్వభావం ఉన్నవాళ్లని విషాద సంగీతం మరింత కిందికి లాగుతుందని ఆస్ట్రేలియాలో శాండ్రా గరీడో, ఎమెరీ షూబర్ట్ చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. పోల్చుకోవడం కష్టం కాదు. పాట అయ్యాక మొహం కడుక్కుని టీ పెట్టుకోబుద్ధయితే ఆ ఏడుపు పని చేసింది. మళ్లీ మొదటి నుంచి వినబుద్ధయి, వింటున్నకొద్దీ తనను తానే తిట్టుకోవడం పెరిగితే అది పాట పని కాదు. వారాల తరబడి నిద్ర పట్టక, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే ప్లేలిస్టులు పక్కన పెట్టి డాక్టర్ని కలవాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

పని వేళ పాటది వేరే లెక్క. నాట్లు వేసే పాట, దంచేటప్పటి సువ్వి పాట, పడవ లాగేటప్పటి పాట అన్నీ ఒంటి కదలికకి తాళం కట్టినవి. బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్టాస్ కారగియోర్గిస్ వ్యాయామం చేసేవాళ్ల మీద ఏళ్ల తరబడి చూసినదీ ఇదే. నిమిషానికి 120 నుంచి 140 దెబ్బల పాట తోడుంటే, ఒక మోస్తరు శ్రమలో అలసట తక్కువగా తెలుస్తుంది. రొప్పేంతగా పరిగెత్తేటప్పుడు ఆ మాయ పనిచేయదు, అప్పుడు ఒళ్లు అరిచే అరుపే పాట కన్నా పెద్దది. చదువుకునేటప్పుడు మాత్రం తెలిసిన భాషలో మాటలున్న పాట చేటు. పుస్తకంలోని వాక్యమూ చరణంలోని వాక్యమూ ఒకే గుమ్మంలోంచి లోపలికి రావాలని తోసుకుంటాయి. పాట ఉంటే తప్ప పుస్తకం తెరవలేని పిల్లలకి వీణో వయొలినో మేలు.

తన కోసం పెట్టని పాటల్ని కూడా మనిషి గమనించుకోవాలి. రొనాల్డ్ మిలిమన్ 1982లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికా సూపర్‌మార్కెట్లో నెమ్మది సంగీతం పెట్టిన రోజుల్లో జనం నెమ్మదిగా నడిచారు, వేగం సంగీతం పెట్టిన రోజులకన్నా అమ్మకాలు 38 శాతం ఎక్కువ సాగాయి. మాల్‌లో హాయిగా ఉందంటే ఆ హాయి ఖర్చు బిల్లులో కలిసే ఉంటుంది.

శబ్దం సంగతి ఒక్క మాట. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల వరకు, 90 అయితే నాలుగు గంటలే వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పది డెసిబెల్స్ పెరిగితే పదోవంతు సమయం. వినాయక నిమజ్జనంలో డీజే పెట్టెల పక్కన ఎగిరే కుర్రాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పరు, చెప్పినా అక్కడ వినపడదు.

మళ్లీ ఆ నాలుగు పాటల దగ్గరికి. వరస కుదిరాక దాన్ని అరగదీయకూడదు. ఎంతో ఇష్టమైన పాటను అలారంగా పెట్టుకుని నెలకల్లా ఆ పాటంటేనే ఒళ్లు మండే స్థితికి వచ్చినవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. శివరంజనికి రేడియో తెల్లవారుజామును అంటగట్టినట్టే, అలారం ఆ పాటకి ఆఫీసును అంటగడుతుంది. అందుకని వరసలోని నాలుగో పాటను, ఆ వేణువును, వేరే ఏ పనికీ వాడకుండా దాచుకోవాలి. అన్నం తినేటప్పుడు వద్దు, కారు తుడిచేటప్పుడు వద్దు. కొన్ని వారాలకి దాని మొదటి ఊపిరి వినపడగానే భుజాలు కిందికి దిగడం మొదలవుతుంది.

ఇంకొక్క పని మిగిలింది, ఫోనులో ఆటోప్లే ఆపేయడం. నాలుగో పాట అయిపోగానే ఐదోదాన్ని ఆ యంత్రం తనంతట తానే తెస్తుంది, సాధారణంగా ఎవరిదో పెళ్లి పాట. పావియాలో గుండె బాగా నెమ్మదించింది ఆ రెండు నిమిషాల ఖాళీలోనే. కాబట్టి వేణువు ఆగాక ఫోను బోర్లించి, ఫ్యాను కిందో బాల్కనీలోనో, కుక్కరు విజిలు వినపడే దాకా ఊరికే కూర్చోవచ్చు.